ఇటలీకి ముందు మెతుకుసీమ

(జీడిమెట్ల సంఘ కుటుంబ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షిక సందర్భమున పాత దేవాలయములను గురించి, వాటిలోని కట్టడపు పనితనమును గురించి నాలుగు మాటలు చెప్పుమని సంఘ పెద్దలు మమ్మును కోరినారు. మేము చరిత్రకారులము కాము, ఇంజనీర్లము అంతకన్నా కాము. సంఘములోని నాలుగైదు కుటుంబములవారము కలిసి, సెలవు దొరికినప్పుడల్లా పాత చర్చీలు చూచివచ్చే అలవాటు మాకున్నది. మా అర్హత అంతవరకే.

ఈనాడు మన పిల్లలు చాలామంది హైటెక్ సిటీలోను గచ్చిబౌలిలోను ఉద్యోగములు చేస్తున్నారు. తండ్రులు జీడిమెట్ల ఫ్యాక్టరీలలో రాత్రి షిఫ్టులు చేసి చదివించిన పిల్లలు వీరు. కంపెనీ పని మీద యూరపు వెళ్ళినవారు తిరుగుదారిలో ఇటలీ చూచి వస్తున్నారు. కొందరు సెలవు పెట్టి మరీ వెళ్తున్నారు. అక్కడ టస్కనీ అనే సీమ ఉన్నది. ఫ్లోరెన్సు, సియెన్నా, పీసా అన్నీ ఆ సీమలోనివే. ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆ ఫోటోలు మాకు చూపిస్తారు. ఒరిగిన గోపురమునకు చెయ్యి ఆనించి నిలబడిన ఫోటో తప్పకుండా ఉంటుంది. మేమూ సంతోషముతోనే చూస్తాము. ఆ పిల్లలనే, మెదక్ చర్చి చూచినారా అని అడిగితే మాత్రము, చిన్నప్పుడు క్రిస్మస్‌కు తీసుకొనిపోయినారు, జనము తప్ప ఏమీ కనబడలేదు అంటారు.

ఆ మాటలో తప్పు లేదు. క్రిస్మస్ నాడు మెదక్‌లో జనము తప్ప మరొకటి కనబడదు. అందుకే ఈ ప్రసంగము.

ముందు సియెన్నా సంగతి కొంచెము చెప్పి మన సీమకు వస్తాము. సియెన్నా ఒక కొండమీది పట్టణము. పొరుగున ఉన్న ఫ్లోరెన్సుతో దానికి ఎప్పుడూ పోటీయే. ఉన్న దేవాలయము చాలదని, దానిని ఎంతో పెద్దది చేయాలని 1339లో సియెన్నావారు పని మొదలుపెట్టినారు. గోడలు లేచినవి. 1348లో ప్లేగు వచ్చినది. పట్టణము సగము ఖాళీ అయినది. పనివారు పోయినారు, పెట్టుబడి పోయినది, పని ఆగినది. ఆనాడు ఎత్తిన పెద్ద గోడ ఒకటి వెనుక మందిరము లేకుండా ఈనాటికీ ఒంటరిగా నిలిచి ఉన్నది. యాత్రికులు దానిపైకి ఎక్కి ఊరంతా చూస్తారు. పాత దేవాలయములోని నేలంతా చలువరాతి చిత్రములు. మొత్తము 56. పధ్నాలుగవ శతాబ్దము నుండి పందొమ్మిదవ శతాబ్దము వరకు తరతరాల పనివారు వాటిని కూర్చినారు. కాళ్ళ తాకిడికి అరిగిపోకుండా సంవత్సరములో ఎక్కువ కాలము చాలా భాగమును కప్పి ఉంచి, కొన్ని వారములు మాత్రము నేలంతా తెరచి చూపిస్తారు.

ఆపద వచ్చి అక్కడ దేవాలయపు పని ఆగినది. మన మెదక్‌లో జరిగినది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. ఇక్కడ ఆపద వచ్చిన కాలమందే పని సాగినది.

మెదక్ అనే పేరు మెతుకు అనే మాట నుండి వచ్చినదని పెద్దలు చెబుతారు. అక్కడి కోటకు మెతుకుదుర్గము అనే పేరు ఉండేది. అన్నపు మెతుకు పేరు పెట్టుకున్న సీమలోనే మొదటి ప్రపంచ యుద్ధపు రోజులలో మెతుకు కరువైనది. వెస్లియన్ మిషనువారి తరఫున చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు అప్పటికే సుమారు ఇరువది ఏండ్లుగా ఆ ప్రాంతములో పని చేస్తున్నారు. 1914లో మొదలైన దేవాలయ నిర్మాణము ఆ కరువు రోజులలో పల్లెజనమునకు కూలి పనిగా మారినది. పని చేసినవారికి తిండి దొరికినది. పదేండ్లకు, 1924 డిసెంబరు 25న, దేవాలయము ప్రతిష్ఠించబడినది. ఫ్లోరెన్సు పెద్ద దేవాలయమునకు 1296లో పునాది వేస్తే దాని గుమ్మటము ముగిసేసరికి 1436 అయినది. ఆ లెక్కన మనవారి పదేండ్లు చాలా తక్కువ కాలమే.

ఆకలితో ఉన్నవారికి అన్నము పెట్టాలి గాని 175 అడుగుల గోపురము ఎందుకు అని కొందరు అడుగుతారు. ఈ ప్రశ్న మా కుటుంబముల మధ్యనే వచ్చినది. ఒక అన్న గట్టిగానే వాదించినాడు. ఆ రాళ్ళతో చెరువు కట్ట వేసి ఉంటే నేటికీ పొలములు పారేవి కదా అన్నాడు. మేము ఆ మాటను కొట్టివేయలేదు. అది న్యాయమైన మాటే. కాని ఆ కాలమున కరువు పని అంటే ఎక్కువగా రోడ్డుకు కంకర కొట్టుట. కొట్టిన కంకర మీద బండి ఒకరిది నడుస్తుంది, పొలము మరొకరిది పారుతుంది. ఇక్కడ రాయి మోసినవారిలో ఎంతోమంది మాల, మాదిగ పల్లెలవారు. ఊరి గుడి గడప దాటనివ్వని కాలము అది. తాము మోసిన రాతితో లేచిన మందిరములోనికి వారు ముందు వాకిలి గుండానే నడచి వెళ్ళినారు, ఆ నేల మీదనే కూర్చున్నారు. చెరువు వాదన చేసిన అన్న ఇది విని కొంతసేపు ఊరకున్నాడు. తరువాత, అయినా చెరువు కూడా కట్టవలసినది అన్నాడు. అక్కడితో మేము టీ తాగడానికి లేచినాము.

ఇక నేల విషయము. మెదక్ వెళ్ళినవారందరు పైకి చూస్తారు. మొదట కిందికి చూడవలెనని మా విన్నపము. లోపల పరచిన రంగుల మొజాయిక్ పలకలు బ్రిటన్ నుండి ఓడలో వచ్చినవి. వాటిని పరచడానికి ఇటలీ దేశపు మేస్త్రీలను పిలిపించినారు. అంటే టస్కనీ వెళ్ళి మన పిల్లలు వంగి వంగి ఫోటో తీసుకొనే పనికి దగ్గరి చుట్టము మన మెతుకుసీమలోనే ఉన్నది. సొలొమోను యెరూషలేములో మందిరము కట్టించినప్పుడు తూరు నుండి హీరాము పంపిన పనివారు వచ్చినారని మనము సండే స్కూలులో చదువుకున్నాము. మెదక్‌కు ఇటలీవారు అట్లు వచ్చినారు. సొలొమోను పేరు అందరికీ తెలుసు, హీరాము పేరు కొందరికి తెలుసు, రాయి పరచినవాని పేరు ఎవరూ అడగరు.

మాతో వచ్చినవారిలో ముప్పది ఏండ్లు టైల్స్ పని చేసిన ఒక మేస్త్రి మామ ఉన్నాడు. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి మోకాళ్ళమీద కూర్చొని, రెండు పలకల మధ్య సందు మీద వేలి కొన నడిపించినాడు. బలిపీఠము వైపు చూడనే లేదు. చాలాసేపటికి లేచి, ఈ లైను ఈ గోడ నుండి ఆ గోడ దాకా తప్పలేదు, మనకు లేజరు మిషను ఉండి కూడా తప్పుతుంది, వీళ్ళు దారము పట్టి వేసినారు అన్నాడు. ఆ మాట ఏ పుస్తకములోనూ మాకు దొరకలేదు. మీరు వెళ్ళేటప్పుడు ఇట్లాంటి పని తెలిసినవారిని ఒకరిని తప్పక వెంట తీసుకొనిపొండి. పిల్లలుంటే పలకలలో ఎన్ని రంగులున్నవో లెక్కపెట్టమనండి. అరగంట అల్లరి చేయరు.

గోడలు, స్తంభములు చెక్కిన రాతివి. లోపలి కొలత 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు. అయిదు వేలమంది పడతారని చెబుతారు. నమూనా గీసినది ఇంగ్లండులోని బోల్టన్ పట్టణపు బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే సంస్థ. గోతిక్ పద్ధతి. అనగా మొనదేలిన కమానులు, బరువును స్తంభముల మీదికి దించే పక్కటెముకల వంటి కప్పు, గోడలలో పెద్ద కిటికీలకు చోటు. అంత పెద్ద హాలులో మాట మారుమ్రోగకుండా కప్పులో స్పంజివలె బోలుగా ఉండే పదార్థము వాడినారంటారు. ఆసియాలోకెల్లా పెద్దది, ప్రపంచములో రెండవది అని గైడ్లు చెప్పే లెక్కలు ఎవరు కొలిచినారో గాని, వాటితో మాకు పని లేదు. చిన్నదైనా ఇంతే బాగుండేది.

గోపురము చార్మినారు కన్నా ఎత్తు కాకూడదని నిజాము సర్కారు అడ్డు చెప్పినదని ఒక కథ ఉన్నది. తన బంగళా కన్నా ప్రభువు ఇల్లు తక్కువగా ఉండరాదని పాస్నెట్ దొరగారు ఈ పనికి పూనుకొన్నారని మరొక కథ. ఈ రెండూ మన అమ్మమ్మలు చెప్పగా విన్నవే. చార్మినారు సుమారు 184 అడుగులు, మన గోపురము 175 అడుగులు. కథను బలపరచడానికి ఆ తొమ్మిది అడుగులు చాలును.

కిటికీల దగ్గర కొంచెము ఎక్కువసేపు నిలబడవలెను. ఇవి మూడు. బలిపీఠము వెనుక ప్రభువు ఆరోహణము, ఒక ప్రక్క జననము, ఎదుటి ప్రక్క సిలువ. లండనుకు చెందిన ప్రఖ్యాత చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించినవి. రంగుటద్దపు కిటికీ అంటే అద్దము మీద బొమ్మ గీసి వదలివేయుట కాదు. రంగు అద్దములోనే కలిసి ఉంటుంది. ముక్కలను ఆకారమునకు కోసి, ముఖములు, మడతలు మాత్రము కుంచెతో దిద్ది, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో ఒకదానికొకటి బిగిస్తారు. వెలుగు బయటి నుండి లోపలికి వచ్చినప్పుడే బొమ్మ కనబడుతుంది. బయట నిలబడి చూచినవారికి అది నల్లని పలక. పొద్దుగూకితే లోపల ఉన్నవారికీ అంతే. ఎన్ని బల్బులు వేసినా ప్రయోజనము లేదు. రాత్రి ఆరాధనకు వెళ్ళి వచ్చినవారు మెదక్ కిటికీలు చూచినామంటే మేము నమ్మము.

వాటి తేదీలు చూడండి. ఆరోహణము 1927, జననము 1947, సిలువ 1958. మొదటిది నిజాము ప్రభుత్వములో వచ్చినది. రెండవది దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన సంవత్సరము, మన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన సంవత్సరము. అప్పటికి హైదరాబాదు ఇంకా నిజాముదే. మూడవది వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేండ్లు. 1950లో కన్నుమూసిన పాస్నెట్ దొరగారు దానిని చూడలేదు. ప్రభువు జీవితములో మొదట జననము, తరువాత సిలువ, చివర ఆరోహణము. మెదక్‌లో మాత్రము ఆరోహణము ముందు వచ్చి సిలువ చివరకు వచ్చినది. కిటికీలు వచ్చిన వరుస అది. మనకు ఇంటి పనులు జరిగేదీ ఈ వరుసలోనే కదా.

మెదక్ వెళ్ళినవారు కోటను వదలి రాకూడదు. చర్చి నుండి కొద్ది దూరమే. కాకతీయుల కాలపు పునాది, ద్వారము మీద గండభేరుండము, లోపల కుతుబ్‌షాహీల నాటి మసీదు. ఆ కొండ గుండ్లను చూచి చర్చి గోడలను చూస్తే రెండూ ఒకే సీమ రాయి అని కంటికి తెలుస్తుంది. కాకతీయులకు రాయి చెక్కిన చేతివాటము ఈ నేలలోనిదే. బోల్టన్ నుండి వచ్చినది కాగితము మాత్రమే.

మెదక్ దాకా పోలేనివారికి దగ్గరి దారులు ఉన్నవి. మన జీడిమెట్లకు దగ్గరగా బొలారంలో హోలీ ట్రినిటీ చర్చి ఉన్నది. 1847 నాటిది, విక్టోరియా రాణి తన సొంత సొమ్ముతో సాయము చేసినదని ప్రతీతి. 1983 నవంబరు 20న ఎలిజబెత్ రాణి తన వివాహ దినమున అక్కడ ఆరాధనలో కూర్చున్నది. అది దండు చర్చి, అచ్చముగా ఇంగ్లీషు పల్లెటూరిది తెచ్చి పెట్టినట్లు ఉంటుంది. అందమైనదే గాని, దానిలో ఈ నేల వాసన తక్కువ అని మా అభిప్రాయము.

ఆబిడ్స్ దగ్గర గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కెథడ్రల్ ఉన్నది. రోమను కథోలిక సహోదరులది. మిలాను నగరపు మిషను సంస్థకు చెందిన ఇటలీ ఫాదరులు 1870 ప్రాంతమున కట్టించినది. దాని గంటలు 1892లో ఇటలీ నుండి వచ్చినవి. లోపల, సిలువ మీద నుండి దించిన కుమారుని ఒడిలో పెట్టుకున్న మరియమ్మ విగ్రహము ఉన్నది. ఫ్లోరెన్సులో పని నేర్చిన మైకెలాంజిలో ఇరువది నాలుగేండ్ల వయస్సులో ముగించిన శిల్పమునకు నకలు ఇది. అసలుది రోములో సెయింట్ పీటర్స్‌లో అద్దము వెనుక ఉన్నది. ఇక్కడ మీరు దగ్గరగా నిలబడి ఆ తల్లి చేతులను చూడవచ్చును. మన పద్ధతిలో విగ్రహములు లేవని కొందరు లోపలికి పోవడానికి సంకోచిస్తారు. చూచుటకు సంకోచము అక్కరలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని చూచుట ఏ సంఘమునకూ నిషేధము కాదు.

దోర్నకల్ సంగతి వేరు. మేము చూచిన వాటిలో మమ్మును ఎక్కువ ఆలోచింపజేసినది అదే. కాజీపేట మీదుగా విజయవాడ వెళ్ళే రైలు దారిలో దోర్నకల్ జంక్షన్. అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడినది. కట్టించినవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్య అయ్యగారు. ఆంగ్లికను సంఘములో మొట్టమొదటి భారతీయ బిషపు. 1912లో అభిషిక్తులైనారు. ఆయన గోతిక్ కమాను కోరలేదు. మసీదులకుండే గుమ్మటములు, మినారులు తీసుకొన్నారు, గుడి మండపమునకుండే చెక్కడపు స్తంభములు తీసుకొన్నారు, వాటి మధ్య సిలువను నిలిపినారు. దూరము నుండి చూచినవారు ఇది ఎవరి గుడి అని అడుగుతారు. దగ్గరకు వస్తే ఊరివారందరికీ తెలిసిన పనితనమే కనబడుతుంది. మెదక్‌లో తెల్లదొర తన దేశపు నమూనాతో మన రాతిని లేపినాడు. పదిహేను ఏండ్ల తరువాత దోర్నకల్‌లో మన అయ్యగారు మన నమూనాతోనే ప్రభువును స్తుతించినారు. మాలో పెద్దవారికి మెదక్ ఇష్టము, పడుచువారికి దోర్నకల్. ఈ పంచాయితీ తిరుగు రైలులో ఖమ్మం దాటినట్లు కూడా తెలియనంతగా సాగినది అని రాయాలని ఉన్నది గాని, ఖమ్మం ఆ దారిన రాదు. మహబూబాబాదు వస్తుంది.

ఇంత దూరము తిరిగి వచ్చి మన పల్లె మందిరములను చూస్తే మాకు బాధ కలుగుతున్నది. పెంకుటి కప్పు, సున్నపు గోడలు, షాబాదు బండల నేల ఉన్న చిన్న చిన్న మందిరములు ఒకటొకటిగా పడగొట్టబడుతున్నవి. పాతబడినది, సంఘము పెరిగినది, చాలదు అంటారు. నిజమే, చాలదు. ప్రక్కన పెద్దది కట్టుకొన్నా పాతదానిని సండే స్కూలుకు ఉంచుకొనవచ్చును కదా. ఉంచినచోట్ల కూడా సున్నపు గోడ మీద సిమెంటు పూస్తున్నారు. సున్నము తేమను పీల్చి వదులుతుంది, సిమెంటు దానిని లోపలనే బంధిస్తుంది. రెండు వానాకాలములకు గోడ ఉబ్బుతుంది, అప్పుడు గోడ పాడైపోయినది పడగొట్టండి అంటారు. గోడకు సున్నమే పెట్టించండి. సున్నము పని తెలిసిన ముసలి మేస్త్రీలు మన జిల్లాలలో ఇంకా ఉన్నారు, వెదకి పిలవండి.

మన సంఘపు కట్టడ కమిటీ ముందు కూడా ఇప్పుడు ఒక కాగితము ఉన్నది. మీకందరికీ తెలిసిన సంగతే కనుక దాచనక్కరలేదు. కొత్త మందిరమునకు నునుపు టైల్స్, పైన పీఓపీ సీలింగు, కిటికీలకు అద్దము మీద అంటించే రంగుల స్టిక్కరు అని అందులో ఉన్నది. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. మేము వ్యతిరేకించడానికి రాలేదు. కాని ఆ స్టిక్కరు ఎండకు ఎంత కాలము నిలుస్తుందో మన వీధిలోని దుకాణముల బోర్డులను చూస్తే తెలుస్తుంది. సాదా అద్దము పెట్టి, ఒక్క కిటికీని మాత్రము పదేండ్ల తరువాత నింపుటకు ఖాళీగా ఉంచవచ్చును. మెదక్‌లో మూడవ కిటికీ ముప్పది నాలుగేండ్లు ఆగినది. ఆ ముప్పది నాలుగేండ్లూ అక్కడ ఆరాధన ఆగలేదు. మన సంఘములోనే రాతిపని తెలిసినవారు, వెల్డింగు తెలిసినవారు, వడ్రంగులు ఉన్నారు. బలిపీఠము బల్లను, సిలువను షోరూములో కొనకుండా వారి చేత చేయించవచ్చునా అని కమిటీవారు ఒకసారి అడిగి చూడవలెనని కోరుతున్నాము. డబ్బు తీసుకొని చేయమందాము, ఊరకే కాదు. మెదక్‌లో రాయి మోసినవారికి కూడా కూలి ముట్టినది.

ఈ విషయము వచ్చే నెల కమిటీ తీర్మానించేలోగా ఒకసారి అందరము మెదక్ వెళ్ళి చూచి వస్తే బాగుంటుందని మా ఆలోచన. వచ్చే రెండవ శనివారము ఉదయము అయిదున్నరకు చర్చి గేటు దగ్గర నుండి బస్సు బయలుదేరుతుంది. సూరారం, గండిమైసమ్మ, దుండిగల్, నర్సాపూర్ అడవి మీదుగా దారి. ఎండ కిటికీల మీద ఉండగానే లోపల ఉండవలెను గనుక ఆలస్యమైనవారి కొరకు ఆగము. మధ్యాహ్నము కోట. భోజనము ఎవరిది వారు కట్టుకొని రావలెను, మంచినీళ్ళు సంఘము చూచుకొంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవారు కోట ఎక్కనక్కరలేదు, చెట్ల నీడన కూర్చొనవచ్చును. కట్టడ కమిటీ సభ్యులకు బస్సులో ముందు సీట్లు ఉంచినాము. పేర్లు ఈ ఆదివారము ఆరాధన కాగానే సండే స్కూలు టీచర్ల దగ్గర ఇవ్వండి. మేస్త్రి మామ ఈసారి తన దారపు ఉండ కూడా తెస్తానన్నాడు.